బల్ల దిగి రాదు, మీరే పైకి జరగాలి

ప్రశ్న: మేడం, నా వయసు 36. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. తెనాలిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. పొద్దున పదింటి నుంచి రాత్రి ఏడింటి దాకా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కించడమే పని. సాయంత్రం నాలుగయ్యేసరికి మెడ, కుడి భుజం పట్టేస్తాయి. ఆరు నెలలుగా రాత్రి మూడింటికి కుడి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారినట్టుంటాయి. చెయ్యి విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. నెల మధ్యలో ఈ బాధ మరీ ఎక్కువ. ఎక్స్‌రే తీయిస్తే మెడ ఎముకలు అరిగాయన్నారు, కాలర్ పెట్టుకోమన్నారు. మా వారు వీపుకు కట్టుకునే బెల్టు తెప్పించారు. తోటివాళ్లు పాతిక వేల కుర్చీ ఒకటి చూపించి అది కొనుక్కోమంటున్నారు. మా అత్తగారేమో కింద కూర్చుని పని చేసుకుంటే ఏ నొప్పీ రాదంటారు. ఇంత చిన్న వయసులో ఎముకలు అరిగితే ముందు ముందు ఎలా? వీటిలో ఏది కొనమంటారు? అన్నట్టు, ఆఫీసు కుర్చీలో నా కాళ్లు నేలకు ఆనవు.
ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, ఎక్స్‌రే గురించి, చెయ్యి గురించి అంత వివరంగా రాసి, కాళ్లు ఆనవన్న మాట మాత్రం చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు కలిపారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. మెడ నొప్పని వచ్చిన ఆడవాళ్లలో ఎంతోమందిని కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే కాళ్లు గాల్లో ఉంటాయి. మీ విషయంలోనూ కథ అక్కడే మొదలైందని నా అనుమానం.

అయితే ముందు ఆ అరుగుదల భయం తీరాలి. ఆ భయం ఉన్నంతసేపూ మీరు మెడ కదపడానికే జంకుతారు, కదపకపోతే ఇంకా పట్టేస్తుంది. జపాన్‌లో మెడ నొప్పంటే ఏమిటో తెలియని 1,211 మందికి మెడ ఎంఆర్‌ఐ తీసి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో దాదాపు 88 శాతం మందికి డిస్కులు, అంటే మెడ ఎముకల మధ్య ఉండే మెత్తలు, ఉబ్బి ఉన్నాయి. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లలో కూడా ఎక్కువమందికి ఉన్నాయి. వాళ్లెవరికీ నొప్పి లేదు. కాబట్టి ఫిల్ములో కనపడ్డ ప్రతిదీ మీ బాధకు కారణమని అనుకోకండి. పైగా మీరే ఒక ఆధారం ఇచ్చారు: నెల మధ్యలో ఎక్కువ అన్నారు. 11వ తారీఖుకు జీఎస్టీఆర్-1, 20వ తారీఖుకు జీఎస్టీఆర్-3బీ, ఈ రెండు జీఎస్టీ రిటర్నులూ దాఖలు చెయ్యాలి. ఎముకలు పదో తారీఖున అరిగి ఇరవై ఒకటిన మళ్లీ పూడుకోవు. పెరుగుతున్నదీ తగ్గుతున్నదీ పని బరువు.

ఇక చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేల్లో సగం, ఈ భాగానికి స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. అది మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సొరంగంలోంచి అరచేతిలోకి వస్తుంది. అక్కడ నొక్కుకుపోతే ఆ వేళ్లకే తిమ్మిరి వస్తుంది, చిటికెన వేలు బాగానే ఉంటుంది. నిద్రలో మనకు తెలియకుండా మణికట్టు మడిచి పడుకుంటాం కాబట్టి రాత్రిళ్లు ఎక్కువ. లేచి చెయ్యి విదిలించుకోవడం ఈ బాధ ఉన్నవాళ్లు చాలామంది చెప్పే గుర్తు. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఉత్తరం చదివి రోగం తేల్చకూడదు, అందుకే ఎముకల డాక్టరు దగ్గరికో నరాల డాక్టరు దగ్గరికో వెళ్లి చెయ్యి చూపించండి. అవసరమనుకుంటే వాళ్లు నరం ఎంత వేగంగా పని చేస్తుందో చూసే ఎన్‌సీవీ పరీక్ష రాస్తారు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, షుగర్ ఉన్నా ఇది వస్తుంది, ఆ రెండు రక్త పరీక్షలు కూడా చేయించుకోండి. ఈలోపు మందుల షాపులో మణికట్టు వంగకుండా తిన్నగా పట్టి ఉంచే పట్టీ దొరుకుతుంది. రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే, బిగుతుగా కాకుండా, ఆరు వారాల పాటు పెట్టుకోండి. మీరడిగిన వాటిలో లేదు గానీ, మీరు మొట్టమొదట కొనాల్సింది అదే.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం.

మన కొలతలన్నీ ఒంటి నుంచి వచ్చినవే: బెత్త, జాన, మూర, బార. పూలమ్మే ఆమె తన మోచేతి దగ్గర్నుంచే మూర కొలుస్తుంది. ఆఫీసు బల్ల మాత్రం మీ మూరతో చేసింది కాదు. మామూలు ఆఫీసు బల్ల ఎత్తు 29 నుంచి 30 అంగుళాలు. మీ ఎత్తు మనిషి పాదాలు నేలకు ఆనించి, భుజాలు వదులుగా పెట్టి కూర్చుంటే మోచెయ్యి నేల నుంచి ఇంచుమించు 23, 24 అంగుళాల దగ్గర ఉంటుంది. కీబోర్డు ఉండాల్సింది ఆ మోచేతి ఎత్తులో. అంటే మీకూ ఆ బల్లకూ మధ్య ఆరంగుళాల తేడా ఉంది, రెండు బెత్తలు.

ఆ రెండు బెత్తలను తొమ్మిదేళ్లుగా మీ ఒళ్లే సర్దుతోంది. కుర్చీ కిందికి దించి కూర్చున్న రోజున భుజాలు చెవుల వైపు లేస్తాయి, మోచేతులు పక్కలకు విచ్చుకుంటాయి, మణికట్టు బల్ల అంచు మీద ఆని వెనక్కి వంగుతుంది. కుర్చీ పైకి లేపుకున్న రోజున కాళ్లు వేలాడతాయి. వేలాడే కాళ్లతో ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేరు, మెల్లగా సీటు అంచుకు జరిగి మునివేళ్లు నేలకు తాకిస్తారు. అలా జరిగాక వీపు వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు, నడుము గుండ్రంగా వంగుతుంది, తల ముందుకు వస్తుంది. తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు. దాన్ని ముందుకు పెట్టి తొమ్మిది గంటలు మొయ్యాల్సింది మెడ వెనక కండరాలే. ఈ సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరే ముందు కుడి మణికట్టు లోపలివైపు చూసుకోండి. అడ్డంగా ఎర్రగా ఒక గీత పడి ఉంటే అది బల్ల అంచు. మీ నరం వెళ్లేది సరిగ్గా దాని కిందుగానే.

బల్లను కోయించమని ఆడిటర్ గారిని అడగలేరు. కాబట్టి మీరే పైకి జరగాలి, నేలను మీతో పాటు పైకి తెచ్చుకోవాలి. రేపు ఇలా చేసి చూడండి. కుర్చీలో పూర్తిగా వెనక్కి కూర్చుని, చేతులు పక్కలకు వదిలేసి, మోచేతులు మడవండి. అరచేతులు కీబోర్డు మీద సూటిగా వాలేదాకా కుర్చీ లేపుతూ పోండి. అక్కడ ఆపండి. ఇప్పుడు కాళ్లకూ నేలకూ మధ్య ఎంత ఖాళీ ఉందో పక్కనున్న అమ్మాయిని టేపుతో కొలవమనండి. ఐదారు అంగుళాలు వస్తుంది. ఆ ఎత్తు పీట మీకు కావాలి. ఒక వారం చూడటానికైతే అటు రెండు ఇటుకలు, ఇటు రెండు ఇటుకలు పేర్చి పైన ఒక పలక వేయండి, ఒక్కో ఇటుక మూడంగుళాలు కాబట్టి లెక్క సరిపోతుంది. కుదిరాక వడ్రంగి దగ్గర మిగిలిపోయిన ప్లైవుడ్‌తో చేయించండి: అడుగున్నర వెడల్పు, అడుగు లోతు, మీ వైపు అంచు కాస్త వాలుగా. రెండు పాదాలూ పూర్తిగా పట్టాలి, మడమ బయటికి వేలాడకూడదు.

సీటు లోతు కూడా చూసుకోండి. సీటు అంచుకూ మీ మోకాలి వెనక మడతకూ మధ్య బెత్తెడు సందు ఉండాలి. పొడుగు సీట్లలో మీకది ఉండదు, వెనక్కి జరిగితే అంచు మోకాలి వెనక కోసుకుంటుంది. అప్పుడు నడుము వెనక ఒక గట్టి దిండు పెట్టి వీపును ముందుకు తెచ్చుకోవడమే మార్గం. కుర్చీ చేతులు బల్లకు తగిలి మిమ్మల్ని దగ్గరికి రానివ్వకపోతే వాటిని విప్పించేయండి, నాలుగు బోల్టుల పని.

మీరు పైకి జరిగారు కాబట్టి మానిటర్ కిందికి పోయినట్టవుతుంది. దాని కింద ఏ4 పేపర్ రీములు పెట్టండి, ఒక్కో రీము రెండంగుళాల మందం ఉంటుంది. కాళ్ల కిందకు మాత్రం ఇటుకలే చెప్పాను, కాగితాల మీద కాలు పెట్టలేం కదా. మానిటర్ పై అంచు మీ కంటికి ఎదురుగా గానీ అంగుళం కిందగా గానీ ఉండాలి, దూరం మీ చెయ్యి చాచితే వేళ్లు తాకేంత.

మీ పనిలో అసలు సమస్య స్క్రీన్ కన్నా బిల్లుల కట్ట అనుకుంటాను. అకౌంట్స్ చూసేవాళ్లు చాలామంది బిల్లుల కట్ట ఎడమ పక్కన బల్ల మీద పడేసి, తల ఎడమకు తిప్పి, కిందికి వంచి, అంకె చదివి, మళ్లీ స్క్రీన్‌కు తిరుగుతారు. రోజుకు ఎన్ని బిల్లులైతే మెడ అన్నిసార్లు మెలి తిరుగుతుంది. ఏ కుర్చీ కూడా దీన్ని ఆపలేదు. మీ ఇంట్లో పారాయణకు వాడే వ్యాసపీఠం ఉందేమో చూడండి. మడిచే ఆ చెక్క పీఠం లాంటిదే ఇంకొకటి కొనుక్కుని, కీబోర్డుకూ మానిటర్‌కూ మధ్యలో, మీకు నేరుగా ఎదురుగా పెట్టండి. బిల్లులు దాని మీద వాలుగా నిలబెట్టి, గాలికి ఎగరకుండా పైన ఒక క్లిప్పు పెట్టండి. కాగితం, తెర, ముక్కు ఒకే గీతలో ఉంటే మెడ తిరగాల్సిన పనే ఉండదు. నా దగ్గరికి వచ్చే అకౌంటెంట్లకు పీట తర్వాత నేను చెప్పే మాట ఇదే. వారం తిరక్కుండానే మెడ తేలికపడిందని చెప్పినవాళ్లు చాలామంది.

పూర్వం కొట్లలో గుమస్తాలు నేల మీద బాసింపట్టు వేసుకుని, ఎదురుగా వాలుగా ఉండే చెక్క పెట్టె మీద ఖాతా పుస్తకం పెట్టి రాసేవారు. కాగితం కంటి దగ్గరికి లేచి వచ్చేది. మీ అత్తగారి మాటలో నిజం అంతవరకూ ఉంది. కింద కూర్చోవడం తప్పు కాదు, మోకాళ్లు, తుంటి కీళ్లు చక్కగా కదులుతాయి. కానీ కింద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే మెడ ఆఫీసులో కన్నా ఎక్కువ వంగుతుంది. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కుని ఉంటాయి. ఒకటి కుదిరితే రెండోది కుదరదు. నెల మధ్యలో ఇంటికి పని తెచ్చుకునేటట్టయితే ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టి, విడిగా ఒక మామూలు కీబోర్డు తగిలించుకోండి.

మౌస్ సంగతి. మీ కీబోర్డుకు కుడివైపు అంకెల మీటలున్నాయి, అవి లేకుండా మీ పని జరగదు. వాటి అవతల మౌస్. దాన్ని అందుకోవడానికి కుడి చెయ్యి రోజంతా పక్కకు చాచే ఉంటుంది, భుజం పట్టేసేది అందుకే. టాలీలో మీకు మౌస్ అక్కర్లేదని నాకన్నా మీకే బాగా తెలుసు, ఎఫ్8 నొక్కితే సేల్స్, ఎఫ్9 నొక్కితే పర్చేజ్. జీఎస్టీ పోర్టల్‌లోనే మౌస్ తప్పదు. ఆ పనికి మౌస్ ఎడమ చేతికి మార్చుకోండి, నాలుగైదు రోజులు చిరాగ్గా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. కీబోర్డు వెనక ఎత్తుగా నిలబెట్టే చిన్న కాళ్లను మడిచేయండి, మణికట్టు వెనక్కి వంగడం తగ్గుతుంది.

చెయ్యి మార్చడంతోనే అంతా అయిపోదు. ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు పనివాళ్లకు వచ్చే జబ్బుల మీద 1700లో పుస్తకం రాశారు. 1713లో దానికి లెక్కలు, దస్తావేజులు రాసే గుమస్తాల అధ్యాయం కలిపారు. వాళ్ల బాధలకు ఆయన చెప్పిన కారణాలు మూడు: ఎప్పుడూ కూర్చునే ఉండటం, చెయ్యి ఒకే తీరున కదులుతూ ఉండటం, లెక్క తప్పుతుందేమోనని మనసు బిగబట్టి ఉంచడం. ఆయన చూసిన ఒక నోటరీకి కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు ఆ చెయ్యి కూడా అలాగే అయింది. మూడు వందల ఏళ్లు దాటినా ఆ మూడు కారణాలూ మీ ఉత్తరంలో కనిపించాయి. పీట, వ్యాసపీఠం ఒంటికి అమరిక ఇస్తాయి. ఎంతసేపు, ఎంత పని అన్నది వేరే లెక్క, దాన్ని కూడా సరి చెయ్యాలి.

అరగంటకోసారి లేవండి. పెద్ద వ్యాయామాలేం వద్దు. నిలబడి, భుజాలు వెనక్కి నాలుగుసార్లు తిప్పి, గడ్డం లోపలికి లాక్కుని, కిటికీలోంచి దూరంగా ఏదైనా చూసి కూర్చోండి, ఒక్క నిమిషం. ఎంత చక్కగా కూర్చున్నా సరే, కదలకుండా కూర్చుంటే కండరం పట్టేస్తుంది. క్లయింట్‌తో ఫోన్ మాట్లాడేటప్పుడు నిలబడి మాట్లాడండి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని టైపు చేసే అలవాటుంటే ఈరోజే మానేయండి. కళ్లు మండుతుంటే ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి తగలకుండా చూసుకోండి, తెర చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం తగ్గిపోతుంది.

ఒక మాట అడగాలి, మీరు రాయలేదు గానీ. ఆఫీసులో నీళ్లు తాగుతున్నారా? చిన్న ఆఫీసుల్లో పని చేసే ఆడవాళ్లను ఈ ప్రశ్న అడిగితే చాలామంది తల దించుకుంటారు. కాంప్లెక్స్ మొత్తానికి ఒకటే బాత్‌రూమ్, తాళం వాచ్‌మన్ దగ్గర, లోపల శుభ్రం ఉండదు. అందుకని పొద్దున ఇంట్లో కాఫీ తాగి బయల్దేరినవాళ్లు రాత్రి ఇంటికి వచ్చేదాకా గొంతు తడుపుకోరు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు ఒక పక్క, లేవాల్సిన అవసరమే రాక గంటలకు గంటలు కదలకుండా కూర్చోవడం ఇంకో పక్క. మీకూ ఇదే పరిస్థితైతే నొప్పి గురించి మాట్లాడే ముందు బాత్‌రూమ్ గురించి మాట్లాడండి. ఒక్కరే కాకుండా ఆఫీసులో ఆడవాళ్లందరూ కలిసి అడగండి: తాళం చెవి ఒకటి ఆఫీసులోనే ఉండాలి, రోజూ కడిగించాలి. ఇందులో మొహమాటపడాల్సింది మీరు కాదు.

ఆడిటర్ గారితో మాట్లాడేటప్పుడు నెల మధ్య పని గురించి కూడా ఎత్తండి. బిల్లులన్నీ తొమ్మిదో తారీఖున సంచిలో పోసి పంపే క్లయింట్లు ప్రతి ఆఫీసుకూ ఉంటారు. వాళ్లలో పెద్దవాళ్లు నలుగురైదుగురు వారానికోసారి బిల్లులు పంపేలా ఆయన ఒక్క మాట చెప్తే చాలు, మీ పదో తారీఖు, ఇరవయ్యో తారీఖు సగం తేలికవుతాయి. ఆరోగ్యం కోసమని అడిగితే కొందరు యజమానులకు ఎక్కదు. ‘ఆఖర్లో హడావుడిగా ఎక్కిస్తే తప్పులు పడుతున్నాయి’ అని చెప్పండి. అది నిజం కూడా. బిల్లులు ఎక్కించే పని రెండు గంటలకు మించి ఒకే దఫా చెయ్యకుండా, మధ్యలో ఫైలింగ్, బ్యాంకు పనులు పెట్టుకోండి.

ఇంట్లో కూడా చెయ్యి విశ్రాంతి పొందాలి. బట్టలు పిండటం, చపాతీ పిండి మర్దించడం, కొబ్బరి కోరడం, ఇవన్నీ మణికట్టుకు ఆఫీసు పనికన్నా బరువైనవి. ఈ ఆరు వారాలు బెల్టు కొన్న మీ వారిని ఆ మూడు పనులూ చూసుకోమనండి, బెల్టు కన్నా అది ఎక్కువ మేలు చేస్తుంది. మీ ఎత్తుకు వంటగట్టు మీద స్టవ్, దాని మీద గిన్నె పెట్టాక గరిటె తిప్పాలంటే భుజం లేవాల్సిందే. అక్కడ కూడా కాళ్ల కింద వెడల్పాటి, కదలని, జారని పలక ఒకటి వేసుకోండి.

కాలర్ రోజంతా పెట్టుకుంటే మెడ కండరాలు బలహీనపడతాయి. రాసిన డాక్టరు గారితో మాట్లాడి త్వరలో మానేయండి. బెల్టు పక్కన పెట్టేయండి, అది వీపును పట్టి ఉంచుతుందే గానీ బలం ఇవ్వదు. పాతిక వేల కుర్చీ వద్దు. ఖరీదైన కుర్చీల్లో చాలావాటికి సీటు మీకు లోతు ఎక్కువవుతుంది, కాళ్లు అందులోనూ ఆనవు. ఎప్పటికైనా కొంటే ఆన్‌లైన్‌లో కాదు, షాపుకు వెళ్లి పావుగంట కూర్చుని, బెత్తెడు సందు చూసుకుని కొనండి.

ఇవేవీ ఆగి చూడాల్సినవి కావు: చేతిలోంచి గ్లాసు జారిపోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం, బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే కండ పల్చబడటం, నడకలో తూలు, మూత్రం మీద పట్టు తప్పడం, నొప్పితో పాటు జ్వరం గానీ బరువు తగ్గడం గానీ. వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పట్టీ ఆరు వారాలు పెట్టుకున్నా రాత్రి తిమ్మిరి తగ్గకపోతే కూడా వెళ్లాల్సిందే. నరం ఎక్కువకాలం నొక్కుకుని ఉంటే తర్వాత కోలుకోవడం కష్టం.

ఈ నెల 20 దాటాక మళ్లీ రాయండి. క్యాలెండర్‌లో రాత్రి చెయ్యి మిమ్మల్ని లేపిన తారీఖులకు చుట్టూ సున్నా చుట్టండి, పీట వేసిన తారీఖు కింద గీత పెట్టండి. ఆ కాగితం ఫొటో తీసి పంపితే చాలు, తర్వాత ఏం చెయ్యాలో దాన్ని చూసి చెప్తాను.